కాగితంలోకి కాగితం దూరదు

వీడియో గేములో కవచం తొడుక్కున్న యోధుడు కనిపిస్తే ఆట కాసేపు ఆపి, కెమెరాను అతని భుజం దగ్గరికి తిప్పి చూడండి. భుజం మీది కవచం ఛాతీ కవచంలోకి దిగబడి ఉంటుంది. మెడ తలలోకి, కొమ్ము శిరస్త్రాణంలోకి, కత్తి ఒర నడుములోకి చొచ్చుకుపోయి ఉంటాయి. అదే మోడల్‌ను బ్లెండర్ లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఛాతీ లోపలికి వెళ్ళి చూస్తే, బయటికి చక్కగా అమరినట్టు కనబడే చెయ్యి లోపల ఎక్కడో మొండిగా ఆగిపోయి ఉంటుంది. కళ్ళు నిండు గోళాలుగా కపాలంలో కూర్చుని ఉంటాయి.

తెరమీద ఇవేవీ తప్పులు కావు. ఆడేవాళ్ళకు కనబడవు, కంప్యూటర్‌కు అడ్డం రావు. ఆ యోధుణ్ణే కాగితంతో చేసి బీరువా మీద నిలబెట్టుకోవాలనుకున్నప్పుడు మాత్రం ప్రతి ఒక్కటీ అడ్డమే. ఒకదానిలోకి ఒకటి దూరిన భాగాలను విడదీసి, బయటికి కనబడే చర్మాన్ని మాత్రం మిగిల్చి, దాన్ని కోసి, మడిచి, అతికించగలిగే రూపానికి తేవాలి. పేపర్‌క్రాఫ్ట్‌లో ఎక్కువ సమయం తినేది కత్తెర పని అనుకుంటారు చాలామంది. గేమ్ మోడల్ విషయంలో అంతకుముందు జరిగే ఈ శుభ్రం చేసే పనే అసలు పని. కంప్యూటర్ గ్రాఫిక్స్ చరిత్ర, బడిలో చదువుకున్న జ్యామితి, సంఖ్యల కచ్చితత్వం మూడూ అక్కడ కలుస్తాయి.

కోసి, మడిచి, అతికించే జ్యామితి

పేపర్‌క్రాఫ్ట్, ఓరిగామి ఒకటి కావు. ఓరిగామిలో సాధారణంగా కత్తెరకు పనిలేదు, ఒకే కాగితాన్ని మడతలతో బొమ్మగా మారుస్తారు. పేపర్‌క్రాఫ్ట్‌లో బొమ్మ ఒంటి మీది తలాలన్నిటినీ కాగితం మీద పరిచి ప్రింట్ తీస్తారు. ముక్కలు కత్తిరించి, గీతల వెంట మడిచి, అంచుల్లో వదిలిన రెక్కలకు జిగురు రాసి అతికిస్తారు. బడిలో ఘనానికి వలరూపం గీయమని అడుగుతారు కదా, ఇదీ అదే. ఆరు చదరాల బదులు ఆరు వందల త్రిభుజాలు ఉంటాయి.

అంత పెద్ద వలరూపాన్ని చేత్తో గీయలేం గనక సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడతారు. జపాన్‌కు చెందిన తామా సాఫ్ట్‌వేర్ సంస్థ తయారుచేసిన పెపాకురా డిజైనర్ ఈ రంగంలో అందరికీ తెలిసిన పేరు. బ్లెండర్‌కు కూడా ఇదే పని చేసిపెట్టే యాడ్-ఆన్ ఉంది. నున్నని వంపులున్న మోడళ్ళను పొడవాటి కాగితపు పట్టీలుగా విడదీసి బొమ్మలు చేసే పద్ధతిని జపాన్ పరిశోధకులు జున్ మితానీ, హిరోమాసా సుజుకీ 2004లో సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో వివరించారు. పట్టీలు ఎందుకు కావలసివచ్చాయో 1827లోనే గౌస్ నిరూపించిన సిద్ధాంతం చెబుతుంది. గోళం లాగా అన్నివైపులా వంగిన తలాన్ని సాగదీయకుండా, ముడత పడనీయకుండా చదునుగా పరచడం అసాధ్యం. కాగితం సాగదు, కాబట్టి వంపును సన్నని ముక్కలుగా చేసుకోక తప్పదు.

గేమ్ మోడల్ ఈ చిక్కును ముందే తీర్చి ఇస్తుంది. గేమ్ పాత్ర ఒళ్ళంతా త్రిభుజాలే. మూడు బిందువులను ఎటు లాగినా త్రిభుజం చదునుగానే ఉంటుంది. 1990ల చివరి ఆటల్లో ఒక పాత్రకు ఉన్నవి కొన్ని వందల త్రిభుజాలే కాబట్టి, పేపర్‌క్రాఫ్ట్ చేసేవాళ్ళకు ఆ తరం ఆటలంటే ప్రత్యేకమైన మక్కువ. వలరూపానికి ఆ మోడళ్ళు దాదాపు సిద్ధంగా ఉంటాయి. ఆ కాస్త కొరత మాత్రం ఒకదానిలోకి ఒకటి దూరిన భాగాల దగ్గర వస్తుంది.

తెరకు ఎందుకు పట్టదు?

గేమ్ కళాకారులు అజాగ్రత్తతో ఇలా చేస్తారనుకోవద్దు. తెరమీద బొమ్మ గీసే పద్ధతే వాళ్ళకు ఆ స్వేచ్ఛ ఇచ్చింది.

ఒక వస్తువు వెనక ఇంకో వస్తువు ఉంటే వెనకదాన్ని దాచాలి. ఇందుకు 1974లో యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్ క్యాట్‌మల్ తన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో ఒక పద్ధతి రాశారు. అదే ఏడాది జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ ష్ట్రాసర్ కూడా విడిగా అదే ఆలోచనకు వచ్చారు. తెరమీద ప్రతి చుక్కకూ రంగుతోపాటు దూరాన్ని కూడా రాసిపెట్టుకోవడం ఆ పద్ధతి. కొత్త త్రిభుజాన్ని గీసేటప్పుడు ఆ చుక్క దగ్గర అది ముందున్నదానికన్నా దగ్గరగా ఉందా అని చూస్తారు. దగ్గరైతే రంగు మారుస్తారు, దూరమైతే వదిలేస్తారు. దీన్ని జెడ్-బఫర్ అంటారు. క్యాట్‌మల్ తర్వాత పిక్సార్ స్థాపకుల్లో ఒకరయ్యారు, 2019కి గాను ట్యూరింగ్ అవార్డును పాట్ హాన్రహాన్‌తో పంచుకున్నారు.

ఈ పద్ధతిలో రెండు త్రిభుజాలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయినా ఇబ్బంది లేదు. ప్రతి చుక్క దగ్గరా ఏది ముందుంటే అదే కనబడుతుంది కాబట్టి, అవి కలిసే గీత తెరమీద తనంతట తానే తేలుతుంది. ఆ గీత మోడల్‌లో ఎక్కడా రాసి ఉండదు. అక్కడ శీర్షం లేదు, అంచు లేదు. చూపులో మాత్రమే ఉన్న గీత అది.

1994లో వచ్చిన సోనీ ప్లేస్టేషన్‌లో జెడ్-బఫర్ లేదు. త్రిభుజాలను దూరం వారీగా పేర్చి వెనకనుంచి ముందుకు గీసేవారు. ఒకదాన్నొకటి కోసుకున్న రెండు త్రిభుజాల్లో ఏదో ఒకటే మొత్తంగా పైన పడేది. కాబట్టి ఆ యంత్రానికి మోడళ్ళు చేసేవాళ్ళు జాగ్రత్త పడాల్సివచ్చేది. 1996లో వచ్చిన నింటెండో 64లో జెడ్-బఫర్ హార్డ్‌వేర్‌లోనే ఉంది. ఇప్పటి గ్రాఫిక్స్ కార్డులన్నిటిలోనూ ఉంది. కొమ్మును తలలోకి దూర్చి వదిలేస్తే సరిపోతున్నప్పుడు, కలిసే గీత వెంట శీర్షాలు కుట్టుకుంటూ కూర్చోవడం కళాకారుడికి వృథా శ్రమ. పైగా విడిగా ఉన్న కొమ్మును వేరే పాత్రకు కూడా వాడుకోవచ్చు, విడిగా కదిలించవచ్చు. కీళ్ళ దగ్గర భాగాలు ఒకదానిలోకి ఒకటి దూరి ఉంటే చెయ్యి తిరిగినప్పుడు సందు కనబడదు. అందుకే పాత మోడళ్ళలో మోచేతులు, మోకాళ్ళ దగ్గర ఈ చొరబాట్లు ఎక్కువ.

రెండు పెట్టెల లెక్క

కాగితం దగ్గర ఏం జరుగుతుందో ఒక చిన్న ఉదాహరణతో కొలిచి చూద్దాం. 6 సెం.మీ. భుజమున్న ఘనం ఒంటి బదులు అనుకుందాం. 2 సెం.మీ. మందం, 2 సెం.మీ. వెడల్పు, 8 సెం.మీ. పొడవున్న కోల పెట్టె చెయ్యి. చేతిని ఘనం పక్క తలం మధ్యలోంచి 3 సెం.మీ. లోపలికి దూర్చారు.

ఈ మోడల్‌ను అలాగే పెపాకురాకు ఇస్తే రెండు వేరువేరు పెట్టెలు చూస్తుంది, రెండిటినీ పూర్తిగా విప్పుతుంది. ఘనానికి 216 చదరపు సెం.మీ., చేతికి 72, మొత్తం 288. ప్రింట్ తీసి రెండు పెట్టెలూ అతికించాక, చేతిని పెట్టడానికి చోటు ఉండదు. ఘనం పక్క తలం నిండుగా మూసుకుని ఉంటుంది. చేతిని దానిమీదే అతికిస్తే మూడు సెంటీమీటర్లు ఎక్కువ పొడుగు కనబడుతుంది. నిజమైన మోడల్‌లో ఇలాంటివి ఇరవై చోట్ల ఉంటాయి, కోణాలు వంకరగా ఉంటాయి. అప్పుడు బొమ్మ పోలికే మారిపోతుంది.

రెండు పెట్టెలూ కలిసే చోట 2 సెం.మీ. చదరపు గీత ఉంది. ఘనం మీద ఆ గీత లోపలి భాగం 4 చదరపు సెం.మీ., చేతి నాలుగు పక్కల లోపలి భాగం 24, లోపలి కొస 4. ఈ 32 చదరపు సెం.మీ. ఎవరికీ కనబడవు. వాటిని తీసేస్తే 256 మిగులుతుంది. ఇదే బయటి చర్మం.

ఇప్పుడు ఎనిమిదో తరగతిలో చదివిన ఆయిలర్ సూత్రంతో సరిచూద్దాం. రంధ్రాలు లేని ఘనాకృతికి శీర్షాల సంఖ్యలోంచి అంచుల సంఖ్య తీసేసి తలాల సంఖ్య కలిపితే 2 రావాలి. మన కలిసిన రూపానికి శీర్షాలు 16: ఘనానికి 8, కలిసే గీత మీద 4, చేతి బయటి కొసన 4. అంచులు 24. తలాలు 11. లెక్క వేస్తే 16 − 24 + 11 = 3. ఒకటి ఎక్కువ వచ్చింది!

లెక్క తప్పలేదు. ఘనం పక్క తలానికి మధ్యలో చదరపు కంత పడింది, అది మామూలు తలంగా మిగల్లేదు. కంత మూలనుంచి తలం మూలకు ఒక గీత గీస్తే అంచులు 25 అవుతాయి, లెక్క 2కు వస్తుంది. త్రీడీ సాఫ్ట్‌వేర్‌లు ఒక తలానికి ఒకే చుట్టుగీతను గుర్తుపెట్టుకుంటాయి గనక, కంత పడిన తలాన్ని ఇలాగే అదనపు గీతలతో చీల్చి దాచుకుంటాయి. వలరూపంలో హఠాత్తుగా అర్థంలేని గీతలు కనబడితే అవి అక్కడినుంచి వచ్చినవే. అవి మడవాల్సిన గీతలు కావు. వాటిని అచ్చులో కనబడకుండా చేసుకోవాలి.

కలిసే గీతను పట్టుకోవడం

వెయ్యి త్రిభుజాలున్న మోడల్‌లో ఏది దేన్ని కోస్తోందో తెలియాలంటే ప్రతి జతనూ పరీక్షించాలి. జతలు 4,99,500. కంప్యూటర్‌కు ఇది పెద్ద లెక్క కాకపోయినా, లక్ష త్రిభుజాల మోడల్‌కు జతలు దాదాపు 500 కోట్లవుతాయి. అందుకని త్రిభుజాలను గుంపులు గుంపులుగా ఊహా పెట్టెల్లో పెడతారు. రెండు పెట్టెలు తాకకపోతే వాటిలోని త్రిభుజాలేవీ తాకవు కాబట్టి వాటిని వదిలేయవచ్చు. కాలివేళ్ళను, కిరీటాన్ని పోల్చి చూసే పని తప్పుతుంది.

మిగిలిన జతలకు పరీక్ష సులువైనదే. ఒక త్రిభుజం మూడు శీర్షాలూ రెండోదాని సమతలానికి ఒకే పక్కన ఉంటే అవి కోసుకోవు. అటూ ఇటూ ఉంటే, రెండు సమతలాలూ కలిసే సరళరేఖ మీద రెండు త్రిభుజాల వాటాలూ ఒకదానిమీద ఒకటి పడుతున్నాయా అని చూడాలి. పడితే, ఆ ఉమ్మడి ముక్కే కలిసే గీత.

చెప్పినంత తేలికగా ఉన్న ఈ పనిలో సాఫ్ట్‌వేర్‌లు దశాబ్దాలుగా తడబడుతూ వచ్చాయి. దానికి కారణం అంకెలు. గేమ్ మోడళ్ళలో శీర్షాల స్థానాలను సాధారణంగా 32 బిట్ల దశాంశ సంఖ్యలుగా దాస్తారు. ఏడు అంకెలకు మించి కచ్చితత్వం ఉండదు. రెండు త్రిభుజాలు కలిసే కొత్త బిందువును లెక్కగట్టి ఆ ఏడంకెల్లోకి కుదిస్తే, అది రెండిట్లో దేనిమీదా సరిగ్గా ఉండదు, వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. ఒక పరీక్షలో బిందువు లోపల ఉందని, పక్క పరీక్షలో బయట ఉందని తేలుతుంది. రెండు జవాబులూ పొసగక ప్రోగ్రామ్ ఒక తలాన్ని మింగేస్తుంది, లేదా ఒంట్లో సగం మాయం చేస్తుంది. బ్లెండర్‌లో భాగాలను కలిపే బూలియన్ ఆదేశం నొక్కగానే బొమ్మ చెయ్యి ఎగిరిపోవడం చూసినవాళ్ళకు ఇది బాగా తెలుసు.

దీనికి మందు భిన్నాల్లో ఉంది. శీర్షాల స్థానాలన్నీ భిన్నాలుగా రాయగలిగినవే. సమతలాలు కలిసే బిందువులు కూడా భిన్నాలుగానే వస్తాయి. కుదించకుండా లవం, హారం రెండూ పూర్తి పూర్ణసంఖ్యలుగా ఉంచుకుంటే జవాబు ఎప్పుడూ కచ్చితంగా ఉంటుంది. లెక్క నెమ్మదిస్తుంది కానీ పొరపాటు పడదు. ఇలాంటి కచ్చితమైన లెక్కతో త్రిభుజాల అల్లికలను, అంటే మెష్‌లను కలిపే పద్ధతిని అమెరికా పరిశోధకులు 2016లో సిగ్రాఫ్‌లో వివరించారు. బ్లెండర్‌లో 2020 నవంబరులో వచ్చిన 2.91 వెర్షన్ నుంచి బూలియన్‌లో ‘ఎగ్జాక్ట్’ అనే ఎంపిక వచ్చింది. పేపర్‌క్రాఫ్ట్ చేసేవాళ్ళు అదే ఎంచుకోవాలి. ఒక నిమిషం ఆలస్యమైనా ఫరవాలేదు.

లోపలేది, బయటేది

గీతలన్నీ పడ్డాక మోడల్ చిన్నచిన్న ముక్కలుగా విడిపోయి ఉంటుంది. వీటిలో ఏది బయటి చర్మం, ఏది లోపల దాక్కున్న భాగం?

దీనికి గణితం ఇచ్చే కొలత వైండింగ్ నంబర్. ఒక బిందువు దగ్గర నిలబడి నలుదిక్కులా, పైకీ కిందికీ చూస్తున్నామనుకోండి. లోపలి వైపు కనబడే త్రిభుజానికి కూడిక, బయటి వైపు కనబడే త్రిభుజానికి తీసివేత. ప్రతిదీ మన చూపులో ఎంత భాగం ఆక్రమిస్తుందో అంత విలువ. మూసిన పెట్టె లోపల ఉంటే చూపంతా లోపలి గోడలే కాబట్టి మొత్తం 1. బయట ఉంటే దగ్గరి గోడ తీసివేత, దూరపు గోడ కూడిక సరిపోయి 0. ఇంతకుముందటి ఉదాహరణలో ఘనం, చెయ్యి రెండిటి లోపలా ఉన్న బిందువుకు 2.

ఇక నియమం ఒక్కటే. ఒక పక్క 0, రెండో పక్క 1 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న ముక్క బయటి చర్మం, దాన్ని ఉంచాలి. ఒక పక్క 1, మరో పక్క 2 ఉంటే అది లోపల దాక్కున్న ముక్క, తీసేయాలి. చేతి లోపలి మూడు సెంటీమీటర్లూ, ఘనం మీది చదరపు ముక్కా ఈ నియమం ప్రకారమే పోతాయి.

తలాల దిక్కులు సరిగా ఉంటేనే ఈ లెక్క పనిచేస్తుంది. కళాకారులు ఎడమ చేతిని చేసి, దాన్నే అద్దంలోలాగా తిప్పి కుడి చెయ్యి చేస్తారు. అప్పుడు కొన్నిసార్లు కుడి చేతి తలాలన్నీ లోపలికి తిరిగిపోతాయి. కలపమంటే సాఫ్ట్‌వేర్ ఆ చేతి ఆకారంలో ఒంట్లో గొయ్యి తవ్వుతుంది. బ్లెండర్‌లో ఫేస్ ఓరియంటేషన్ పెట్టి చూస్తే తిరగబడిన తలాలు ఎర్రగా కనబడతాయి. వాటిని ముందే సరిచేసుకోవాలి.

ఇంకో చిక్కు, మూత లేని భాగాలు. అంగవస్త్రం, జుట్టు కుచ్చులు, ఆకులు గేముల్లో మందం లేని ఒంటి పలకలు. వాటికి లోపల, బయట అన్నవే ఉండవు. మెడ దగ్గర తెరిచి వదిలేసిన తల కూడా అంతే. తెరుచుకుని ఉన్న రూపాలకు వైండింగ్ నంబర్ పూర్ణసంఖ్యగా కాకుండా 0.9 లాగో 0.2 లాగో వస్తుంది. దాన్నిబట్టి లోపలా బయటా తేల్చే పద్ధతిని ఆలెక్ జాకబ్‌సన్, ఆయన సహ పరిశోధకులు 2013లో ప్రకటించారు. బొమ్మ చేసేవాళ్ళకు ఇంకా సూటైన దారి ఉంది: మెడను మూసేయండి, అంగవస్త్రాన్ని ఈ కలపడం పనిలోంచి పక్కకు తీయండి. దాన్ని రెండు వైపులా ప్రింట్ తీసి వీపు వీపు అతికించి, ఒంటికి తర్వాత తగిలించవచ్చు.

కోయాలా, అతికించాలా, దూర్చాలా?

కంప్యూటర్ తేల్చగలిగేది కలిసే గీత ఎక్కడుందో, దాక్కున్న భాగం ఏదో అంతవరకే. ఆ గీత దగ్గర ఏం చేయాలో చెప్పాల్సింది బొమ్మను చేత్తో పట్టుకునే మనిషి. అన్ని చోట్లా ఒకే బూలియన్ కొట్టేసి ఊరుకున్నవాళ్ళ వలరూపాలు తెరమీద శుభ్రంగా ఉంటాయి, బల్లమీద ఏడిపిస్తాయి. మూడు దారులున్నాయి.

మొదటిది పూర్తిగా కలిపేయడం. రెండు భాగాలనూ గీత దగ్గర కోసి, ఒకే చర్మంగా కుట్టడం. చొక్కాకు చేతులు కుట్టే దర్జీ చేసేది ఇదే. చేతి గుడ్డను ఒంటి గుడ్డలోకి దూర్చకుండా, రెండిటినీ ఒకే కొలతకు కత్తిరించి అంచుకు అంచు కలుపుతాడు. మెడ, భుజం, తొడ లాంటి పెద్ద కలయికలకు ఇది బాగుంటుంది.

రెండోది, చిన్న భాగాన్ని మాత్రమే కోసి పెద్దదాన్ని అలాగే ఉంచడం. కొమ్ము, చెవి, బొత్తం, కవచం మీది ముల్లు, వీటికి ఇదే సరైనది. కొమ్మును తల వంపుకు తగ్గట్టు కత్తిరించి, మొదలు దగ్గరి జిగురు రెక్కలు లోపలికి మడిచి తలమీద అతికించాలి. తలకు కంత పెట్టే పనిలేదు, కాబట్టి తల గట్టిగా నిలుస్తుంది. కొమ్ము ఎక్కడ కూర్చోవాలో తెలియాలంటే కలిసే గీతను తలమీద సన్నగా ప్రింట్ వేసుకోవాలి, జిగురు పడ్డాక అది కొమ్ము కింద దాగిపోతుంది. తలనుంచి గీత లోపలి ముక్కను తొలగించకుండా గీతను మాత్రం ఉంచుకుంటే చాలు.

మూడోది, దూరిన భాగాన్ని కావాలనే ఉంచడం. వీపు మీది పెద్ద రెక్కలు, పొడవాటి ఖడ్గం అంచు మీది జిగురుతో నిలవవు, నాలుగు రోజుల్లో వాలిపోతాయి. అప్పుడు ఒంటికి కలిసే గీత వెంట కంత కోసి, రెక్క మొదలును రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి దూర్చి, లోపలనుంచి అతికించాలి. గేమ్ కళాకారుడు చేసిన చొరబాటే ఇక్కడ మనకు బలం. కాగితానికి మందం ఉంటుందని మాత్రం మరవకూడదు. 200 జీఎస్ఎం కాగితం మందం సుమారు పావు మిల్లీమీటరు. అందుకని కంతను గీతకన్నా కాస్త వదులుగా కోసుకోవాలి.

చేతిని విడిగా చేయడం వీలు కోసమే కాదు, కొన్నిచోట్ల జ్యామితి అలాగే శాసిస్తుంది. మన ఘనం, చెయ్యి ఉదాహరణనే చూడండి. కంత పడిన పక్క తలాన్ని చీల్చకుండా, అంచుల వెంట మాత్రమే కోసి ఈ రూపాన్ని ఒకే ముక్కగా విప్పగలమా? చేతి నాలుగు పక్కల్లో ఏదైనా ఒకటి ఒంటికి తగిలి ఉండాలంటే, అది కంత అంచుకే తగిలి ఉండాలి. చదును చేస్తే ఆ పక్క కంతలోకి పడుతుంది. కంత 2 సెం.మీ., పక్క 5 సెం.మీ. మిగిలిన 3 సెం.మీ. అవతలి కాగితం మీదికి ఎక్కుతుంది. ఒకే చోట రెండు ముక్కలు ప్రింట్ చేయలేం. కాబట్టి ఇది కనీసం రెండు ముక్కలు కావాల్సిందే. ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ఈ సత్యం మారదు.

జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1525లో అచ్చువేసిన జ్యామితి గ్రంథంలో ఘనాకృతుల వలరూపాలు గీశాడు. ఎక్కడా లోపలికి గుంటపడని బహుముఖిని అంచుల వెంట కోసి, ముక్కలు ఒకదానిమీద ఒకటి పడకుండా ఎప్పుడూ ఒకే వలరూపంగా విప్పగలమా? 1975లో జెఫ్రీ షెపర్డ్ గణితజ్ఞుల ముందు పెట్టిన ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా జవాబు లేదు. గుంటలు, మిట్టలు ఉన్న రూపాల్లో మాత్రం కొన్నిటిని అలా విప్పలేమని నిరూపణ అయింది. గేమ్ పాత్రలన్నీ గుంటలు, మిట్టలు ఉన్నవే. అందుకే బొమ్మను ఎన్ని ముక్కలు చేయాలి, ఎక్కడ విడదీయాలి అన్నది కంప్యూటర్‌కు పూర్తిగా వదిలేయలేని నిర్ణయం.

పని వరస

శుభ్రం చేసేటప్పుడు వరస తప్పితే చేసిన పనే మళ్ళీ చేయాల్సివస్తుంది.

ముందు భంగిమ. గేమ్ మోడళ్ళు చేతులు బారచాపి నిలబడి ఉంటాయి. కత్తి దూస్తున్నట్టు కావాలంటే ముందే అలా వంచి స్థిరపరచాలి. వంచినప్పుడు చంకలోనూ మోచేతి మడతలోనూ కొత్త చొరబాట్లు పుడతాయి. వాటినీ కలిపి ఒకేసారి తీయవచ్చు.

తర్వాత శీర్షాలను కలపడం. గ్రాఫిక్స్ కార్డు కోసం చేసిన మోడల్‌లో టెక్స్చర్ (ఒంటికి చుట్టే రంగుల చిత్రం) అతుకుల దగ్గర ఒకే చోట రెండు మూడు శీర్షాలు ఉంటాయి. కంటికి ఒకే ఒళ్ళుగా కనబడుతున్నా అది నిజానికి డజన్ల ముక్కలు. బ్లెండర్‌లో మెర్జ్ బై డిస్టెన్స్ వాడితే ఇవి ఏకమవుతాయి. ఈ పని చేయకుండా బూలియన్ జోలికి పోకూడదు.

ఆపైన తిరగబడిన తలాలు సరిచేయాలి. పూర్తిగా లోపల ఉన్న నాలుక, దంతాలు, కనుగుడ్ల వెనక సగాలు తీసేయాలి. బెల్టు మీద అదే మట్టంలో అంటించిన బకిల్ లాంటి వాటితో జాగ్రత్త. రెండు తలాలు ఒకే మట్టంలో పడితే తెరమీద మిలమిలలాడుతూ కొట్టుకుంటాయి, బూలియన్‌నూ తికమక పెడతాయి. అలాంటి పలచని అలంకారాలను టెక్స్చర్‌లో బొమ్మగా వేసి, ఆకారాన్ని తొలగించడం మంచిది.

అప్పుడు కోయాలి. భాగాలను ఒక్కొక్కటిగా కలుపుతూ, ప్రతిసారీ కళ్ళతో చూసుకుంటూ సాగాలి. కొత్తగా పుట్టిన శీర్షాలకు టెక్స్చర్ స్థానాలు పాత త్రిభుజంలోని వాటినుంచి దామాషా ప్రకారం వస్తాయి కాబట్టి రంగులు చెదరవు.

కోశాక చెత్త మిగులుతుంది. సూదుల్లాంటి త్రిభుజాలు, అర మిల్లీమీటరు అంచులు పుట్టుకొస్తాయి. తెరమీద వాటితో ఇబ్బంది లేదు. బొమ్మను 20 సెం.మీ. ఎత్తున ప్రింట్ తీస్తే అవి కత్తెరకు దొరకవు, మడతకు లొంగవు. రెండు మూడు మిల్లీమీటర్లకన్నా చిన్న అంచులను పక్క శీర్షంలో కలిపేయాలి. అయితే కలిపినప్పుడు పక్కనున్న నాలుగు మూలల తలం చదును కోల్పోవచ్చు. దాన్ని రెండు త్రిభుజాలుగా చీల్చుకోవాలి.

చివరిగా తనిఖీ. మూసిన చర్మంలో ప్రతి అంచుకూ సరిగ్గా రెండు తలాలే ఉండాలి. మూడో తలం ఉంటే లోపలి గోడ ఏదో మిగిలిపోయిందని అర్థం. ఒకటే ఉంటే కంత ఉందని, లేదా ఒకవైపు పొడవాటి అంచుకు ఎదురుగా మరోవైపు రెండు పొట్టి అంచులు వచ్చాయని అర్థం. అక్కడ శీర్షం పెట్టకపోతే రెక్కకు జోడీ రెక్క దొరకదు. బ్లెండర్‌లో నాన్-మ్యానిఫోల్డ్ ఎంపిక ఈ అంచులన్నిటినీ వెలిగించి చూపిస్తుంది.

మొదలుపెట్టేవాళ్ళకు

బ్లెండర్ ఉచితం. 2002 నుంచి దాని సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది. ఏ4 సైజు మందపాటి కాగితం, స్టీలు స్కేలు, కట్టర్, ఫెవికాల్, మడత గీతలు నొక్కడానికి సిరా అయిపోయిన బాల్‌పెన్ ఉంటే సరంజామా పూర్తయినట్టే. గేమ్ మోడల్ దాన్ని తయారుచేసిన సంస్థ సొత్తు కాబట్టి మీ బల్లమీద పెట్టుకోవడానికి చేసుకోండి, అమ్మకానికి పెట్టకండి.

యోధుణ్ణి ఎత్తుకోకముందు ఆ రెండు పెట్టెలనే చేయండి. బ్లెండర్‌లో ఘనాన్ని, కోల పెట్టెను దూర్చి, ఎగ్జాక్ట్ బూలియన్‌తో కలిపి, శీర్షాలు, అంచులు, తలాలు లెక్కపెట్టండి. సాఫ్ట్‌వేర్ అదనంగా గీసిన గీతలు ఎన్నో చూడండి. తర్వాత అదే రూపాన్ని మూడు రకాలుగా చేయండి: కలిపి, అతికించి, దూర్చి. ఏ అతుకు ఎంత గట్టిగా ఉందో వేలితో నొక్కి పోల్చండి. ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయిలర్ సూత్రంలో 2కు బదులు 3 ఎందుకొచ్చిందో ఆ కంతను చూపించి చెబితే, పరీక్షకోసం బట్టీపట్టిన సూత్రం వాళ్ళ చేతికి పనిముట్టుగా అందుతుంది.

ఆ తర్వాత మూడు వందల త్రిభుజాల లోపు ఉన్న పాత ఆట పాత్రను తీసుకోండి. ప్రతి చొరబాటు దగ్గరా ఆగి, ఇక్కడ కోయాలా, అతికించాలా, దూర్చాలా అని నిర్ణయించుకోండి. ఆ నిర్ణయాలు సరిగా తీసుకుంటే కత్తెర పట్టేసరికి బొమ్మ సగం అయిపోయినట్టే.